తొంబది అడుగుల నూయి

నూయి త్రవ్వుట ఎంత కష్టమైన పనియో పల్లెపట్టులలో పుట్టి పెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. మెత్తని నేల అయినచో పలుగుపారలతో కొలది దినములలో జల పడును. రాతినేల అయినచో నెలలు పట్టును. అయినను మన పల్లెలలో నూయి త్రవ్వునపుడు లోపల ఇరువురు, గట్టున నలువురు ఉందురు. ఒకరు అలసినచో మరియొకరు దిగుదురు. జల పడిన నాడు టెంకాయ కొట్టి పండుగ చేసికొందురు. ఇప్పుడు చెప్పబోవు నూయి అట్టిది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, 1857వ సంవత్సర ప్రాంతమున, ఇరువదియేండ్ల ప్రాయమునకు సమీపించుచున్న ఒక స్కాట్లండు బాలుడు, సుమారు 3 అడుగుల వెడల్పు గల గుంటలో ముడుచుకొని కూర్చుండి, ఉలియు సుత్తియు మాత్రమే సాధనములుగ, ఇసుకరాతిని నెలల తరబడి చెక్కి, 90 అడుగుల లోతున జలము చూచెను. ప్రతిదినము ఉదయమున వానిని బొక్కెనలో కూర్చుండబెట్టి దింపి, మధ్యాహ్నము భోజనమునకు పైకి లాగి, మరల దింపి, చీకటి పడునపుడు తిరిగి లాగినవాడు కన్నతండ్రి. ఆ తండ్రి ఒక గంటసేపైనను ఆ నూతిలో పనిచేసినవాడు కాడు.

ఆ బాలుడే తరువాత లోకప్రసిద్ధుడైన జాన్ మ్యూర్. కాలిఫోర్నియా పర్వతములను, మహావృక్షములను నరుకుడు నుండి కాపాడి, అమెరికా దేశమున జాతీయ ఉద్యానవనముల భావనకు ప్రాణము పోసినవాడుగ ఆతని పేరు చరిత్రలో నిలిచినది. ఆతని కీర్తిని గూర్చి వ్రాయువారు సాధారణముగ పర్వతముల నుండియే కథ మొదలు పెట్టుదురు. కాని పర్వతములకు ముందు ఒక పొలము కలదు. ఆ పొలమున ఒక తండ్రియు, ఒక తల్లియు, ఎనిమిదిమంది బిడ్డలును ఉండిరి. నేలను లొంగదీయుటయే పరమధర్మమని నమ్మిన ఇంటిలో పుట్టి, బాల్యమంతయు ఆ పనియే చేసి, తుదకు నేలను దాని మానాన దానిని ఉండనిండని లోకమునకు చెప్పినవాడు మ్యూర్. ఈ మార్పు ఎట్లు కలిగెనో తెలియవలెనన్నచో ఆ పొలమునకే పోవలెను.

స్కాట్లండు తూర్పుతీరమున డన్‌బార్ అను చిన్న రేవుపట్టణము కలదు. జాన్ 1838 ఏప్రిల్ 21వ తేదీన అచట జన్మించెను. తండ్రి డేనియల్ మ్యూర్ పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, అక్క పెంపకమున పెరిగి, సైన్యములో చేరి, కొంతకాలము సైనికులను చేర్చుకొను ఉద్యోగము చేసినవాడు. డన్‌బార్‌లో ఒక ధాన్యపు దుకాణము గల స్త్రీని వివాహమాడెను. ఆమె అనతికాలముననే చనిపోయెను. 1833లో ఎదురింటి మాంసవర్తకుడు డేవిడ్ గిల్‌రై కుమార్తె ఆన్‌ను పెండ్లియాడెను. ఈ సంబంధము మామగారికి సమ్మతము కాలేదు. డేనియల్ యౌవనమున ఫిడేలు వాయించినవాడే, తన చేతితో ఫిడేలు చేసికొన్నవాడే. కాని మతనిష్ఠ ముదిరినకొలది సంగీతము, చిత్రములు, కథలు సర్వమును ఇంటి నుండి వెళ్ళగొట్టెను. ఆన్ బాల్యమున బొమ్మలు వేసినది, కవిత్వము నెడ మక్కువ గలది. పెండ్లి తరువాత ఆ ఇచ్ఛలన్నియు ఆమె మనసులోనే అణగియుండెను. భోజనసమయమున సయితము ఆ ఇంట మాటలు వినరాకుండెను.

బిడ్డలకు చదువు చెప్పించుటలో డేనియల్ వెనుకాడినవాడు కాడు. కాని ఆతని దృష్టిలో చదువనగా బైబిలు. ప్రతిదినము కొన్ని పద్యములు కంఠస్థము చేయవలెను, తప్పినచో దెబ్బలు. పదునొకండవ యేట అడుగిడునప్పటికి జాన్ క్రొత్త నిబంధన అంతయు, పాత నిబంధనలో నాలుగింట మూడువంతులును వల్లె వేసియుండెను. ఆ చదువు తన శరీరముపై వాతలతో వ్రాయబడినదని వార్ధక్యమున ఆతడు తలచుకొనెను. అయినను ఆతని రచనలలో తరువాత కనిపించు గంభీరమైన లయకు మూలము ఆ కంఠపాఠమే అని విమర్శకులు చెప్పుదురు.

క్రీస్తు శిష్యులు అను నూతన శాఖలో చేరిన డేనియల్‌కు స్వదేశపు మఠాధికారములు గిట్టలేదు. స్వేచ్ఛగా దేవుని కొలుచుటకును, విస్తారమైన భూమి సంపాదించుటకును సముద్రము దాటవలెనని నిశ్చయించెను. 1849 ఫిబ్రవరి మాసమున ఒక సాయంకాలము జాన్, ఆతని తమ్ముడు డేవిడ్ మాతామహుని ఇంట పొయ్యి దగ్గర కూర్చుండి మరునాటి పాఠము చదువుచుండిరి. తండ్రి లోనికి వచ్చి, ఇక పాఠము అక్కరలేదని, తెల్లవారగనే అమెరికాకు ప్రయాణమని చెప్పెను. బాలురకు ఆనందము పట్టరానిదయ్యెను. బంగారము, పక్షిగూళ్ళు, చక్కెర నూరు చెట్లు, బడి లేని దినములు, ఇవియే వారికి తెలిసిన అమెరికా. తాత మాత్రము విచారముతో తల వంచుకొని, అచట వీనితోబాటు కఠినమైన చాకిరియు విస్తారముగ దొరకునని చెప్పెను. చెప్పి, మనుమల చేతులలో ఒక్కొక్క బంగారు నాణెము ఉంచెను. ఆ నాణెమును పాఠకులు మరువకుండవలెను. ఈ కథలో అది మరల కనబడును.

మొదట ముగ్గురు బిడ్డలను, అనగా సారా, జాన్, డేవిడ్‌లను తీసికొని తండ్రి బయలుదేరెను. ఇల్లు కట్టిన పిమ్మట రావలసినదని చెప్పి ఆన్‌ను, తక్కిన బిడ్డలను డన్‌బార్‌లోనే ఉంచెను. తెరచాప ఓడలో ఆరువారముల మూడు దినములు ప్రయాణము. మొదట కెనడాకు పోవలెనని ఆలోచన. కాని అచటి దట్టమైన అడవులను నరికి పొలము చేయుట ఒక తరము పనియని తోటి ప్రయాణికులు చెప్పిరి. బఫలో పట్టణమున ధాన్యపు వర్తకుడొకడు గోధుమలు హెచ్చుగ విస్కాన్సిన్ నుండి వచ్చుచున్నవని చెప్పుటతో డేనియల్ మనసు అటు తిరిగెను. విస్కాన్సిన్ రాష్ట్రముగ ఏర్పడి అప్పటికి ఏడాదియైనను కాలేదు. మిల్వాకీ రేవున దిగి, అచటి నుండి 100 మైళ్ళు బండి ప్రయాణము. డేనియల్ వెంట తెచ్చిన సామానులో ఇనుప త్రాసులు, తూనికరాళ్ళు, వడ్రంగి పనిముట్లు ఉండెను. ఆ బరువుకు మంచు కరిగి బురదయైన దారిలో బండి కూరుకొనిపోవుచుండెను.

మార్క్వెట్ జిల్లాలో చిన్న సరస్సు ప్రక్కన, పూల పచ్చికబయలు అంచున ఆతడు నేల ఎన్నుకొనెను. దానికి ఫౌంటెన్ లేక్ అని పేరు. పొరుగువారి సాయమున ఓక్ దుంగలతో ఒక్క దినములోనే గుడిసె లేచెను. బండి నుండి సామాను దింపకముందే బాలురు దుమికి, ఒక చెట్టెక్కి, నీలి జే పక్షి గూటిని కనుగొనిరి. ఆ గూటిలోని పచ్చని గ్రుడ్లే జాన్‌కు క్రొత్త దేశము చేసిన మొదటి స్వాగతము. ఈతకు గురువెవడని అడిగినచో, కప్పలను చూచి నేర్చుకొనుడని తండ్రి సరస్సును చూపెను, వారట్లే నేర్చుకొనిరి. అడవిపావురములు ఆకాశమును కప్పి సూర్యుని మూసి గంటల కొలది పోవుచుండగా బాలుడు నోరు తెరచి చూచుచుండెను.

ఆ ఏటి శరదృతువున పెద్ద ఇల్లు తయారయ్యెను; ఆన్ తక్కిన బిడ్డలతో వచ్చి చేరెను. రేవుపట్టణమున పుట్టింటి కెదురుగ సంసారము చేసిన ఆమె, పలుకరించుటకు సమీపమున ఇల్లు లేని ఆ బయలులో పదిమంది కుటుంబమునకు వంట, కుట్టు, పాడి సమస్తమును భుజములపై వేసికొనెను. కడపటి బిడ్డ జోయన్నా విస్కాన్సిన్‌లోనే పుట్టెను. భర్త మాటకు ఎదురుచెప్పిన సందర్భములు ఆమె జీవితమున అరుదు. కాని బిడ్డల ఆటపాటలు కనబడనట్లు నటించుట, దెబ్బల తరువాత దగ్గరకు తీయుట, ఇట్టి చిన్న పనులలో ఆమె తన స్వాతంత్ర్యమును నిలుపుకొనెను.

పని ఎట్టిదో చెప్పుట కష్టము. మొదటిసారి నేల దున్నుటకు నాలుగైదు జతల ఎడ్లను కట్టిన పెద్ద నాగలి కావలెను. అది రెండడుగుల దాక వెడల్పు గల చాలు తీయుచుండెను. తరువాతి ఏటి దున్నకము జాన్ వంతు. అప్పటి కాతనికి 12 ఏండ్లు. తల మేడికన్న కొంచెము ఎత్తున మాత్రమే కనబడుచుండెను. నరికిన ఓక్ చెట్ల మోడులు పొలమంతట ఉండెను. వానిని త్రవ్వి తీయుట, కంచె కొరకు దుంగలు చీల్చుట పెద్ద కుమారుడైన జాన్‌కే అప్పగింపబడెను. కోతల కాలమున దినమునకు 16, 17 గంటల పని. గవదబిళ్ళలు వచ్చినను పొలమునకు పోవలసినదే. ఒక్కసారి మాత్రము ఊపిరితిత్తుల వాపు జ్వరము వచ్చి పడిపోయినప్పుడు పని తప్పినది, వైద్యుడు రాలేదు. ఆ చాకిరి వలన తన ఎదుగుదల ఆగి, కుటుంబములో తానే పొట్టివాడనైతినని ఆతడు తరువాత వ్రాసెను. నరికిన కొమ్మలను గుట్టలుగ పోసి కాల్చునపుడు తండ్రి బిడ్డలను మంట దగ్గరకు పిలిచి, నరకాగ్నితో దీనిని పోల్చి చూడుడని బోధించుచుండెను. మంట చల్లారినను ఆ మాటలు బిడ్డల మనసులలో చల్లారలేదు.

డేనియల్‌ను క్రూరుడని ఒక్క మాటతో త్రోసివేయరాదు. ఆతడు త్రాగుబోతు కాడు, మోసగాడు కాడు, లోభి కాడు. దేవుని సేవకు తన ధనమును ధారాళముగ ఇచ్చినవాడు. తాను నమ్మిన దానికి జాలిని అడ్డు రానీయక పోవుటయే ఆతని దోషము. ఇంట నాబ్ అను గుఱ్ఱము కుటుంబమునకు ప్రాణముతో సమానము. ఒక ఎండదినమున మతసభకు వేళ దాటునని ఇసుకబాటలో తండ్రి దానిని పరుగెత్తించెను. అది జబ్బు పడి, రక్తము కక్కి, కొన్నాళ్ళకు చచ్చెను. తన వెంట కుక్కపిల్లవలె తిరిగిన ఆ గుఱ్ఱపు చూపును మ్యూర్ ఏబదియేండ్లు దాటినను మరువలేదు. జంతువులకును మనతోబాటు బ్రతుకుహక్కు కలదని ఆతడు తరువాత వాదించినప్పుడు ఆ వాదము గ్రంథముల నుండి వచ్చినది కాదు.

నేల సంగతియు అట్లే జరిగెను. క్రొత్తనేల మొదట ఎకరమునకు 20 నుండి 25 బుషెళ్ళ గోధుమ ఇచ్చెను. ఎరువు లేక ఏటేట గోధుమయే విత్తుటతో నాలుగైదేండ్లలో అది 5, 6 బుషెళ్ళకు దిగిపోయెను. తరువాత మొక్కజొన్న వేసిరి, అదియు తగ్గెను. తుదకు క్లోవరు గడ్డి వేసి నేలకు విశ్రాంతి నిచ్చినచో మరల పండునని తెలిసికొనిరి. నేలకు తెలిసిన ఆ విశ్రాంతి బిడ్డలకు మాత్రము దొరకలేదు.

ఇచట మరియొక విషయము చెప్పక విడువరాదు. ఆ నేల ఖాళీగ పడియున్నది కాదు. మెనామినీ జాతివారు 1848 అక్టోబరులో చేసికొన్న ఒడంబడికతో ఆ ప్రాంతమును వదలుకొనిరి. మ్యూర్‌లు వచ్చినది మరుసటి వసంతమున. చెట్లు దూరదూరముగ నుండి నడుమ గడ్డి పెరిగిన ఆ అందమైన బయళ్ళు సయితము ఏటేట వచ్చు గడ్డి మంటల వలన ఏర్పడినవే. రైతులు వచ్చి మంటలను ఆపగనే, దున్నని చోటులందంతట ఓక్ పిలకలు దట్టముగ లేచి బయలు కాస్త అడవియయ్యెను. స్థానిక జాతుల భూములను గూర్చి డేనియల్‌కును, జార్జి మైర్ అను పొరుగు స్కాట్లండువానికిని జరిగిన వాదమును బాలుడు వినెను. వేలకొలది ఎకరములను వేటకు మాత్రమే వాడుకొను జనులకు దేవుడు ఆ నేల నుద్దేశించియుండడనియు, దున్ని పండించు సేద్యగాండ్రకే అది చెందుననియు డేనియల్ వాదించెను. మైర్ అంగీకరింపలేదు. డేనియల్ వంటివారు వర్తకము విడిచి వచ్చి సేద్యము నేర్చుకొనుచున్నవారే కదా. వారికన్న అయిదారింతలు పండించు శాస్త్రజ్ఞులైన రైతులు రేపు వచ్చి ఇదే న్యాయము చెప్పి మనలను వెళ్ళగొట్టినచో ఏమందుమని ఆతడు ప్రశ్నించెను. బలవంతుని హక్కు తప్ప ఇందు మరియొక న్యాయము లేదని మైర్ తాత్పర్యము. బాలుడు మాటాడలేదు; కాని మైర్ పక్షమే న్యాయమని మనసున నిలుపుకొనెను.

ఎనిమిదేండ్ల చాకిరితో ఫౌంటెన్ లేక్ పొలము ఒక రూపునకు వచ్చెను. ఇక నైనను సుఖపడుదుమని బిడ్డలు తలచునంతలో తండ్రి నాలుగైదు మైళ్ళ దూరమున సగము సెక్షను, అనగా 320 ఎకరముల అడవినేల కొని, అంతయు మొదటి నుండి ప్రారంభించెను. దాని పేరు హికరీ హిల్. ఆ గుట్టపై నీరు లేదు. మొదటి 10 అడుగులు మట్టి. తరువాత సన్నని ఇసుకరాయి. తండ్రి మందు పెట్టి పేల్చజూచెను, పని జరుగలేదు. అంతట జాన్ చేతికి ఉలి ఇచ్చి దింపెను.

లోతు 80 అడుగులైన తరువాత ఒక ఉదయమున జాన్ అడుగునకు చేరగనే తల తిరిగెను. రాత్రి వేళ అడుగున పేరుకొన్న బొగ్గుపులుసు వాయువు అది. పాడుపడిన నూతులలో దిగుటకు ముందు మనవారు దీపము దింపి చూచుట ఈ భయము చేతనే. జాన్ గోడకు ఒరిగి ఒరిగి పడిపోవుచుండగా నూతి నోటిపై వంగియున్న ఓక్ కొమ్మ కంటబడెను. ఆ కొమ్మను చూచి ఒక్క క్షణము మెలకువ తెచ్చుకొని, తనను లాగుమని సన్నగ కేక వేసెను. తండ్రి చేదుటకు మొదలిడెను. కాని బొక్కెన వట్టిదని తెలిసి, ఎక్కుమని గట్టిగ అరచెను. ఎట్లెక్కెనో ఆతనికే జ్ఞప్తి లేదు. పైకి వచ్చునప్పటికి ఊపిరి అందక కొట్టుకొనుచుండెను. పూర్వము గనులలో పనిచేసిన విలియం డంకన్ అను పొరుగువాడు వచ్చి, బాలుడు బ్రతికివచ్చుట దైవకృపయని చెప్పి, ప్రతి ఉదయము నీళ్ళు చల్లి, త్రాటికి గడ్డిమోపు కట్టి పైకి క్రిందికి ఆడించినచో మంచిగాలి దిగునని నేర్పెను. ఒకటి రెండు దినములు గడచిన పిదప తండ్రి కుమారుని మరల దింపెను. మిగిలిన 10 అడుగులు చెక్కిన తరువాత జల పడెను.

తల్లి ఆ దినమున ఏమనుకొనెనో ఎచటను వ్రాసి లేదు. కాని మరియొక సందర్భము తెలియును. జాన్ పొరుగిండ్ల నుండి గ్రంథములు తెచ్చుకొని చదువుచుండెను. ఆఫ్రికాలో ప్రయాణము చేసిన మంగో పార్క్, దక్షిణ అమెరికాను చూచిన హంబోల్ట్, వీరి యాత్రలను చదివి ఉప్పొంగి తల్లికి చెప్పగా, నీవును ఒకనాడు వారివలె దేశములు తిరుగుదువేమో అని ఆమె అనెను. ప్రక్కగదిలోని తండ్రి విని, బిడ్డ తలలో ఇట్టి ఊహలు పెట్టవలదని ఆమెను మందలించెను. ఆమె మరి మాటాడలేదు. అప్పటికే విత్తనము పడినది.

రాత్రి చదువు తండ్రి ఒప్పుకొనడు. కావలసినచో తెల్లవారకమున్ను లేచి చదువుకొమ్మని ఒకనాడు విసుగుతో చెప్పెను. ఆ మాటయే జాన్‌కు వరమయ్యెను. ఎముకలు కొరుకు చలికాలమున రాత్రి ఒంటిగంటకే లేచెను. అయిదు గంటల కాలము తన సొంతము! నిప్పు వేసికొనుటకు అనుమతి లేదు కనుక చదువు విడిచి నేలమాళిగలోనికి దిగి చెక్కలు చెక్క మొదలిడెను. కొయ్యతో గడియారములు, నిర్ణీతవేళకు మంచమును నిలువున లేపి నిద్రించువానిని నేలపై నిలబెట్టు యంత్రము, ఉష్ణమాపకము, ఇవియన్నియు ఆ చీకటి గంటలలో పుట్టెను. ఇచ్చిన మాట తప్పరాదని తండ్రి వారింపలేదు. మాట మీద నిలుచుట ఆతని గుణములలో ఒకటి.

నూతి అపాయమునాడు ఆదుకొన్న డంకనే, మ్యాడిసన్ నగరమున జరుగు రాష్ట్ర ప్రదర్శనమునకు ఈ యంత్రములను తీసికొనిపొమ్మని ప్రోత్సహించెను. 1860 సెప్టెంబరులో జాన్ ఇల్లు విడిచెను. అవసరమైనచో కొంత ధనము పంపెదవా అని తండ్రిని అడిగెను. నీపై నీవే ఆధారపడుమని తండ్రి బదులు చెప్పెను. పదునొకండేండ్ల చాకిరికి చేతికి వచ్చినది శూన్యము. బంజరు ముక్కలో తాను పండించిన కొంచెము ధాన్యమునకు వచ్చిన సుమారు 10 డాలర్లు, డన్‌బార్‌లో తాత ఇచ్చిన ఆ బంగారు నాణెము, ఇదియే మూలధనము. తమ్ముడు డేవిడ్ బండిలో రైలుస్టేషను దాక సాగనంపెను. ప్రదర్శనమున యంత్రములను జనులు మూగి చూచిరి. మరుసటి ఏట ఆతడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చేరి, 1863 వరకు చదివి, వృక్షశాస్త్రమున మనసు నిలుపుకొనెను.

తరువాతి కథ లోకమెరిగినదే. 1867 మార్చిలో ఇండియానాపొలిస్‌లోని ఒక బండ్ల కర్మాగారమున ఆకురాయి మొన జారి కుడికన్నున గ్రుచ్చుకొనెను. రెండవ కన్నును చూపు కోల్పోయెను. చీకటి గదిలో వారములు గడచిన తరువాత చూపు తిరిగి వచ్చెను. ఇక దేవుని సృష్టినే చూతునని యంత్రములకు స్వస్తి చెప్పి, ప్రయాణమునకు ముందు తల్లిదండ్రులను చూచుటకు ఇంటికి పోయెను. సెలవు తీసికొనునపుడు ఉన్న దినములకు భోజనము, బస ఖర్చు మరచితివా అని తండ్రి అడిగెనట. జాన్ ఒక బంగారు నాణెము చేతిలో పెట్టి, మరల వచ్చుటకు చాలకాలము పట్టునని చెప్పి వెడలెను. అట్లే పదునెనిమిదేండ్లు రాలేదు. 1000 మైళ్ళు కాలినడకన మెక్సికో సింధుశాఖ వరకు పోయి, 1868లో కాలిఫోర్నియా చేరెను. యోసెమిటీ లోయను హిమానీనదములు చెక్కినవని పండితులు నవ్వుచుండగా నిరూపించుటకు పూనుకొనెను. రాతిని ఉలితో నెలల కొలది చెక్కినవానికి, మంచు రాతిని యుగముల కొలది చెక్కిన గుర్తులు కనబడుటలో ఆశ్చర్యమేమి?

1874లో తండ్రి ఉత్తరము వ్రాసి, పర్వతములను గూర్చిన ఈ వ్రాతలు వ్యర్థమనియు, పుస్తకమును అగ్నికి ఆహుతి చేయుటయే మేలనియు బోధించెను. కుమారుడు వ్రాయుట మానలేదు. 1880లో లూయీ స్ట్రెంట్జెల్‌ను వివాహమాడి, మామగారి పండ్లతోటలను కొన్నేండ్లు తండ్రివలెనే ఒడలు వంచి సేద్యము చేసి ధనము కూర్చెను. ఆరోగ్యము చెడగా, తిరిగి పర్వతములకు పొమ్మని ప్రోత్సహించినది భార్యయే. 1890లో యోసెమిటీ జాతీయ ఉద్యానవనమయ్యెను. 1892లో సియెర్రా క్లబ్ స్థాపింపబడగా మరణపర్యంతము ఆతడే అధ్యక్షుడు. 1903లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ఆతనితో మూడు రాత్రులు ఆరుబయట నిద్రించెను. ఆ సంవత్సరముననే ప్రపంచయాత్రకు బయలుదేరి మన దేశమునకును వచ్చి, హిమాలయములను, దేవదారువులను చూచి పోయెను. మంగో పార్క్, హంబోల్ట్‌ల వలె తిరుగుదువేమో అన్న తల్లి మాట నిజమయ్యెను.

కాని ఆతడు కాపాడదలచిన మొదటి నేల యోసెమిటీ కాదు. ఫౌంటెన్ లేక్ పొలమును సారా భర్త డేవిడ్ గాలవే కొనియుండెను. సరస్సు ప్రక్కన పూల పచ్చికబయలును మాత్రము తనకు అమ్ముమని, దానికి కంచె వేసి పశువులు త్రొక్కకుండ ఉంచెదనని జాన్ కోరెను. కంచె నిలువదని, ఇది కలలోని మాటయని బావ ఒప్పుకొనలేదు. బాల్యమున కంచెలు వేసినది అడవిని వెలివేయుటకు. ఇప్పుడు కోరిన కంచె అడవిని నిలుపుటకు. ఆతని జీవితమంతయు ఈ రెండు కంచెల నడుమ నున్నదని చెప్పవచ్చును.

1885లో తండ్రి ఆయువు తీరవచ్చినదను శంక ఏలనో మనసున పుట్టి, కాలిఫోర్నియా నుండి రైలెక్కి పోయెను. డేనియల్ అంతకు ముందే భార్యను పోర్టేజ్ పట్టణమున విడిచి, మతబోధకై కెనడాకు పోయి, తుదకు కాన్సస్ సిటీలో చిన్న కుమార్తె జోయన్నా ఇంట మంచము పట్టియుండెను. జాన్ తోబుట్టువులను కూడగట్టుకొని పోయెను. అక్టోబరులో తండ్రి కన్ను మూసినప్పుడు ఆతడు ప్రక్కన ఉండెను. 1896 జూన్‌లో తల్లియు అట్లే, కుమారుడు వచ్చి చేరిన తరువాత ప్రాణము విడిచెను.

మ్యూర్‌కు లోపములు లేవనుట సత్యము కాదు. మైర్ పక్షమున నిలిచిన బాలుడు కాలిఫోర్నియా పర్వతములలో స్థానిక జాతులవారిని మొదట చూచినప్పుడు వారి మురికిని, పేదరికమును గూర్చి తేలికగ వ్రాసెను. ఆ బయళ్ళను తరతరములుగ సాకినవారు వారేయను సంగతిని, విస్కాన్సిన్ మంటల రహస్యము తెలిసియు, అచట గ్రహింపలేదు. అలాస్కాలో వారితో కలిసి తిరిగిన తరువాత ఆతని అభిప్రాయములు మృదువయ్యెను. ఆతని సంస్థయే 2020లో ఈ లోపమును బహిరంగముగ ఒప్పుకొన్నది. తండ్రి దోషములను దాచక వ్రాసినవాని దోషములను మనమును దాచనక్కరలేదు.

1913లో ఆతని బాల్యచరిత్ర గ్రంథముగ వెలువడెను. ఆ డిసెంబరుననే యోసెమిటీ ఉద్యానవనములోని హెచ్‌హెచీ లోయకు ఆనకట్ట కట్టుటకు చట్టమయ్యెను. ఏండ్ల తరబడి దానికై పోరాడి ఆతడు ఓడిపోయెను. 1914 డిసెంబరు 24వ తేదీన లాస్ ఏంజిలిస్‌లో మరణించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీననే సిన్సినాటి జంతుశాలలో మార్తా అను అడవిపావురము చచ్చెను. ఆ జాతిలో అదియే కడపటిది. ఒకనాడు సూర్యుని మూసిన పక్షులు, వానిని నోరు తెరచి చూచిన బాలుడు, ఒక్క ఏటనే లోకము విడిచిరి.

ఫౌంటెన్ లేక్ పొలము 1990లో జాతీయ చారిత్రక స్థలముగ ప్రకటింపబడినది. కొన లేకపోయిన ఆ పచ్చిక ఇప్పుడు ప్రజలది. డేనియల్ నేలను దేవుడు సేద్యగానికి ఇచ్చిన ఆస్తిగ చూచెను. జాన్ అదే నేలలో దేవుని చూచెను. తండ్రి బోధించిన భక్తి కుమారునియందు నశింపలేదు, దిక్కు మార్చుకొనెను. ఆ దిక్కు ఎచట కనబడెనని అడిగినచో, 80 అడుగుల క్రింద ఊపిరి పోవుచున్న వేళ, నూతి నోటిపై ఆకాశమునకు అడ్డముగ వంగిన ఓక్ కొమ్మను చూపవచ్చును. ఆ చెట్టును నాటినవాడు లేడు, దానిని ఇంకను నరికినవాడు లేడు. నరకకుండ మిగిలిన ఆ ఒక్క కొమ్మయే ఆ దినమున బాలుని మేల్కొలిపెను. తక్కిన జీవితమంతయు ఆతడు ఆ ఋణమును తీర్చుకొనెను.